నాలుక మీదా, చేతిలోనా?

ప్రభువు కృపలో ఉన్న మా ఆయనకు,

మీ ఇల్లాలు రాసేది ఏమంటే, ఇక్కడ అత్తయ్యా, మన పిల్ల పిచ్చుకా, నేనూ ముగ్గురం లేస్తున్నాం, తింటున్నాం, పడుకుంటున్నాం. దాన్నే క్షేమం అంటారు కాబట్టి క్షేమమే. మీరు అక్కడ ఇంతకంటే కాస్త బాగానే ఉన్నారని అనుకుంటున్నాను.

మీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. గుడి సంగతులు ఫోన్లో ఎత్తితే ఇద్దరం గొంతులు పెంచుతామని, ఉత్తరాల్లోనే రాసుకుందామన్నది మీరే. కాగితం మీద అరవలేం కదా అన్నారు. నిజమే, కానీ కాగితం ముందు కూర్చునే ఓపిక కూడా ఉండాలి.

అడిగినవాటికి వరసగా చెప్తాను. అత్తయ్య మోకాలు అలాగే ఉంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టుకీ మిమ్మల్ని తలుచుకుంటున్నారు. స్నానాల గదిలో కుళాయి బాగు చేయించాను. కారడం మానేసి ఇప్పుడు ఈల వేస్తోంది. ఫ్లాస్కు కొత్తది కొనమన్నారు. కొనలేదు. మూత విరిగినా టీ వేడిగానే ఉంటోంది.

ఇక కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. "పిచ్చుక ఫోటో చూశాను. తెల్ల గౌను బాగా అమరింది. ఇంతకీ మొదటి సత్ప్రసాదం ఎలా తీసుకుంది? నాలుక మీదా, చేతిలోనా?" క్రీస్తు శరీరమని ఫాదర్ ఇచ్చే ఆ చిన్న అప్పం బిళ్ళ దాని నోట్లో పడిందా, అరచేతిలో పడిందా అన్నది మీకు అంత ముఖ్యం. దానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం. కాకపోతే ఒక్కసారిగా నోరు రావడం లేదు, కాస్త ఓపిక పట్టండి.

మా కళ్ళజోళ్ళ షాపులో రద్దీగా ఉంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నా పని మీకు తెలిసిందే. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం. కొంతమంది ఎంతకీ తేల్చుకోలేరు. మొన్న ఒక పెద్దాయన విసిగిపోయి, "రెండూ ఒకేలా ఉన్నాయి తల్లీ, ఏదో ఒకటి బిగించి నన్ను వదిలెయ్" అన్నాడు. నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది.

ఇక్కడి వార్త మీ దాకా వచ్చే ఉంటుంది. ఫాదర్ పీఠం వైపు తిరిగి చేసే మీ పాతకాలపు లాటిన్ పూజ ఇకనుంచి నెలకి ఒక్కసారే అని బిషప్ గారు రాశారు. ఆ ఉత్తరం చదివిన రోజు గుడి హాల్లో మీటింగు పెట్టారు. పెట్టకుండా ఉంటే బాగుండేది. మీ వాళ్ళు "మా పూజ లాక్కున్నారు" అన్నారు, మా వాళ్ళు "మిమ్మల్ని విడిగా పొమ్మన్నదెవరు" అన్నారు. చూశారా, నేను కూడా మీ వాళ్ళు, మా వాళ్ళు అని రాసేస్తున్నాను. అత్తయ్య ఒక్కరే తేలిగ్గా తీసుకున్నారు. "మా చిన్నప్పుడంతా లాటినే. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, జపమాల తిప్పుకుంటూ మెలకువగా ఉండేదాన్ని. ఇప్పుడన్నీ అర్థమవుతున్నాయి, హాయిగా నిద్ర పడుతోంది" అన్నారు. ఇటూ అటూ అందరూ ఒక్కసారి నవ్వింది అప్పుడే.

మీ బాధ నాకు తెలియదనుకోకండి. రోజంతా అంత ఎత్తున క్రేన్ గదిలో కూర్చుని, చెవిలో వైర్‌లెస్ గోల వినే మనిషికి ఆ పూజలోని నిశ్శబ్దం ఎంత అవసరమో మీరు మొదటిసారి దానికి వెళ్ళి తిరిగొచ్చిన రోజే నాకు అర్థమైంది. మీ తమ్ముడు పోయాక మీ మొహంలో నెమ్మది చూసింది ఆ రోజే. "ఫాదర్ మనకి వీపు చూపించట్లేదే, మనందరికీ ముందు నిలబడి మనతోపాటు అటు చూస్తున్నాడు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. మన గుడిలో మైకు కీచుమంటుందనీ, గిటారు అబ్బాయి శ్రుతి చూసుకోడనీ మీరంటే అదీ ఒప్పుకుంటాను.

కానీ నా సంగతి కూడా వినండి. రోజంతా ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసే దాన్ని, ఫాదర్ మొహం నావైపు ఉంటే ఆయన చెప్పేది నాకే చెప్తున్నట్టు ఉంటుంది. మన గుడిలో పీఠం పక్కన నిలబడి బైబిల్ పఠనం చదివిన రోజు, మన భాషలో దేవుడి మాట నా గొంతులోంచి వస్తుంటే, అయిపోయాక కూడా పుస్తకం మూయబుద్ధి కాలేదు. మీ లాటిన్ పూజలో నేను ముసుగేసుకుని కూర్చున్నాను, బాగానే ఉంది, కానీ నా గొంతు ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టుంది.

మీరు పోయినసారి వచ్చినప్పుడు జరిగింది గుర్తుందా? ఆ లాటిన్ పూజలో సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు ఆమెన్ కూడా ఫాదరే అనేస్తాడు, మనం నోరు మెదపకూడదు. నేను అలవాటు కొద్దీ గట్టిగా "ఆమెన్" అన్నాను. ముసుగులన్నీ నావైపు తిరిగాయి. మీరు ఇంటికొచ్చేదాకా నాకు నాలుగడుగులు ముందే నడిచారు. మీరు వెళ్ళాక మన గుడికి వెళ్తే, అప్పటికి అక్కడ మోకరించి తీసుకునే అలవాటు ఒంటికి పట్టేసి, లైన్లో ఉన్నపళంగా మోకాళ్ళ మీద కూలబడ్డాను. వెనకావిడ నా మీద పడబోయి, "ఇక్కడ కూడా మొదలెట్టారా ఈ నాటకం" అంది. లేచేసరికి చెవులు మండిపోయాయి.

ఇప్పుడు పిచ్చుక సంగతి చెప్తాను.

దాన్ని మీరొకలా తయారు చేశారు, గుడిలో పిల్లలకి ఉపదేశం చెప్పే సిస్టర్ ఇంకోలా తయారు చేసింది. మోకాళ్ళ మీద, నాలుక మీద అని మీరు చెప్పినట్టే ఫాదర్‌ని అడిగాను. పాపం, ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "ఎలా తీసుకున్నా నాకు అభ్యంతరం లేదమ్మా. ఆమెన్ మాత్రం అనాలి" అన్నారు. దానికి పిచ్చుక, "నాన్న అనొద్దన్నాడు. యేసు లోపలికి వచ్చేటప్పుడు మాట్లాడకూడదట" అంది. సిస్టరేమో, "అనకపోతే యేసుకి తలుపు తియ్యనట్టే" అని చెప్పింది. చిన్నపిల్ల ఏం చేస్తుంది చెప్పండి?

ఆ రోజు పిల్లలందరూ రెండు వరసల్లో వెళ్ళారు. నేను చివరి బెంచీలో ఉన్నాను. ఎందుకు ముందు కూర్చోలేదో తర్వాత చెప్తాను. పిచ్చుక వంతు వచ్చింది. ముద్దుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఫాదర్ వంగి, "క్రీస్తు శరీరము" అన్నారు. అది నోరు తెరవలేదు. ఆయన మళ్ళీ అన్నారు. వెనక పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. అప్పుడది తలెత్తి, గుడంతా వినపడేలా, "నేను టీ తాగానండీ ఫాదర్" అంది.

అందరూ గొల్లుమన్నారు. ఫాదర్ కూడా నవ్వాపుకుంటూ దాని తల నిమిరి పంపించేశారు. అది తిన్నగా నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే.

ఎందుకంటే, ఆ మాట నాది.

ఇన్నాళ్ళూ మీకు రాయని సంగతి ఇదే. ఆ వెనకావిడ మాట విన్నప్పటినుంచి నేను ఎక్కడా సత్ప్రసాదం తీసుకోలేదు. నిలబడితే మీకు ద్రోహం చేసినట్టుంటుంది, మోకరిస్తే నాటకం ఆడినట్టుంటుంది. తీసుకునే ముందు గంటసేపు మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకూడదు కదా, అదే దొరికింది నాకు. ప్రతి ఆదివారం ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళి, గుడి మెట్ల మీద తాగి లోపలికెళ్ళేదాన్ని. ఎవరైనా లేవమంటే, "టీ తాగానండీ" అనేదాన్ని. ఎవరూ ఇంకేమీ అడిగేవాళ్ళు కాదు. అందుకే చివరి బెంచీ. ఆ మెట్ల మీద పడే ఆ మూత విరిగింది.

ఇంటికొచ్చాక అడిగాను, నిజంగా తాగావా అని. తాగిందట. నేను గౌను గుండీలు పెట్టి దాని బూట్లు వెతుకుతుంటే, ఫ్లాస్కులోంచి ఒక్క గుక్క తాగిందట. "ఎందుకే?" అంటే ఏమందో తెలుసా? "ఆమెన్ అంటే నాన్నకి కోపం, అనకపోతే సిస్టర్‌కి కోపం. టీ తాగితే ఎవరికీ కోపం రాదుగా అమ్మా. నిన్నెవరూ ఏమీ అనరు." ఇది నేను దానికి నేర్పిన ఉపదేశం. లాటిన్ కాదు, మన భాష కాదు, తప్పించుకోవడం నేర్పాను.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: నాలుక మీదా కాదు, చేతిలోనూ కాదు. మీరు చూసిన ఫోటో గుడికి బయలుదేరే ముందు తీసింది. మీరు పొరబడ్డారని తెలిసీ సరిదిద్దలేదు. నన్ను తిట్టాలనుంటే తిట్టండి, పిల్లని మాత్రం ఏమీ అనకండి.

ఎవరు ఒప్పో తేల్చమని నేను అడగడం లేదు, నాకు ఆ ఓపిక అయిపోయింది. ఒక్కటే అడుగుతున్నాను. సెలవు పెట్టుకుని రండి. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమెన్ అన్నా యేసు వస్తాడని మీరు చెప్పండి. నోరు మెదపకపోయినా వస్తాడని నేను చెప్తాను. మీ నోటినుంచి నా మాట, నా నోటినుంచి మీ మాట వింటే తప్ప అది నమ్మదు. ఆ తర్వాత ఏ గుడికైనా పోదాం, ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చుంటే చాలు.

నిన్న పొద్దున జడ వేస్తుంటే మీరు వస్తారేమోనని చెప్పాను. "అయితే ఆ ఆదివారం నాన్నకి కూడా టీ పట్టుకెళ్దామా అమ్మా?" అంది.

నేను రిబ్బను ముడి వేసేసి పంపించాను. దానికి జవాబు వచ్చి మీరే చెప్పండి.

ఇట్లు,
మీ రాక కోసం చూస్తూ,
పిచ్చుక వాళ్ళమ్మ