రెండో స్విచ్ మరిచిపోయాను

మంగళవారం, పలమనేరు

నిన్న డెయిరీలో నెట్‌వర్క్ పని చేస్తూ, ట్యాగ్ (దారి గుర్తు) లేని సమాచారం వెళ్లే దారి నంబరుని, అంటే నేటివ్ వీలాన్‌ని, వైర్లు కలిసే ఒక స్విచ్‌లో పదికి మార్చాను. అవతలి స్విచ్‌లో మరిచిపోయాను. అక్కడ పాత నంబరు ఒకటే ఉండిపోయింది. దాంతో తూకం మిషన్ పంపేదంతా వేరే వీలాన్‌లో పడి, కంప్యూటర్‌కి అందలేదు. ఈరోజు పొద్దున పాలు దించుకోవడం ఆగిపోయింది.

తూకం చూసే మునెమ్మను మేనేజరు అందరి ముందూ కసిరాడు. "వైరు పీకినావా?"

"నేను ముట్టనే లేదు సార్!"

ఆయన వినకుండా ఆమెను ఇంటికి పంపేశాడు. నేను పక్కనే ఉన్నాను. గుట్టుగా రెండో స్విచ్ సరిచేశాను.

సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

"నాకు సెప్తే ఏమొస్తాదప్పా? ఆడ, అందరి ముందర సెప్పు," అంది.

సరేనన్నాను. రేపు అందరి ముందూ మేనేజరుతో ఆ మాట ఎలా మొదలుపెట్టాలో ఇంకా తెలియడం లేదు...