సీసాలో తమ్ముడి గడ్డ

శంషాబాద్
మాఘ బహుళ పంచమి, గురువారం, 1946

ఈ రోజు పట్నం దవాఖానాలో తమ్ముడు నర్సింహ మెడలోని గడ్డను కోసి తీశారు. మూడుంటే ఒక్కటే.

"మిగిలినయి ఎవల కోసం ఉంచిండక్కా?" అని వాడు మెడకు కట్టుతోనే నవ్వాడు.

మిగిలినవి ఎందుకు తీయలేదని నేను డాక్టరును అడిగాను. "ఈ కోత మందు కాదమ్మా. ఏ రోగమో తెల్వకుండ మందెట్ల ఇస్త? ఈ గడ్డను పూరాగ భూతద్దం కింద చూస్తరు. క్షయ అయితే ఒక దారి. కాకుంటే..." అని గడ్డ ఉన్న సీసాకు మూత బిగించాడు. ఎనిమిది రోజులు పడుతుందట.

ఇంటికి రాగానే మరదలు సంబరపడింది. "గడ్డ పోయింది గద వదినె! ఇగ పహాడీ షరీఫ్ దర్గకు పోయి చాదర్ కప్పొద్దాం. మొక్కు ఆపొద్దు."

గడ్డ పోతే చాదర్ కప్పుతానని మొక్కింది నేనే.

"జర పుండు మాననీయే" అన్నాను. అబద్ధమైతే కాదు.

దీపం ముందు కూర్చుంటే గడ్డ పోవాలని రోజూ అడిగేది నోట రాలేదు. ఆ సీసాలో ఏముందో అది ఉండనే ఉంది, నేను అడిగితే మారదు. భూతద్దంలో చూసే ఆయన కన్ను పొరబడనీయకు తండ్రీ, అని మాత్రం మొక్కాను. బదులు ఏమిస్తానో చెప్పలేదు.