నాన్న కాలికీ, కుట్టని తేనెటీగలకీ

నాన్నా,

నాలుగింటికి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పక్కింటి అత్తయ్య తోడొస్తుంది. ఆవిడ తలుపు కొట్టేసరికి చొక్కా మార్చుకుని కూర్చో. షుగరు రిపోర్టులు టీవీ మీద పెట్టాను.

కాలి పుండుకి ఇంక తేనె రాయకు. మన బాల్కనీ పెట్టెలో ఉన్న కుట్టని తేనెటీగల తేనెలో మందు గుణం ఉందన్నది నేనే, కాదనను. మా ల్యాబులో గాజు పళ్ళెంలో ఆ తేనె చుక్క వేస్తే దాని చుట్టూ క్రిములు పెరగలేదు. దాని ఫొటో తీసి నీకు చూపించడం నా బుద్ధి తక్కువ. నువ్వు దాన్ని వీధంతా తిప్పి చూపించావు, డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం రెండుసార్లు ఎగ్గొట్టావు. గాజు పళ్ళేనికి షుగరు లేదు నాన్నా, నీకుంది.

అన్నం మూత పెట్టి ఉంచాను. తినకుండా మాత్ర వేసుకోకు.

ఇంకో మాట. మొన్న కట్టు మార్చేటప్పుడు నీ పుండు తుడిచిన దూదిని ల్యాబుకి పట్టుకెళ్ళాను. అందులోని క్రిముల మీద మన తేనే వేసి చూశాను. ఈసారి పళ్ళెం నిండా పెరిగాయి. పొద్దున నీ మొహం చూసి చెప్పడానికి నోరు రాలేదు. ఈ పళ్ళెం ఫొటో కూడా రిపోర్టుల్లోనే ఉంది. ఇది వీధిలో ఎవరికీ చూపించక్కర్లేదు, డాక్టరుకి చూపించు.