దోనెలో దానితో ఏమన్నావు?

సత్యవతికి,

నువ్వు పోయి మూడేళ్ళు దాటింది. క్షేమం అడగను, నువ్వున్న చోట అందరూ క్షేమమే అంటారు. నా సంగతి అడిగేవాళ్ళు ఇక్కడ లేరు కాబట్టి అదీ రాయను. నాకు అక్షరాలు అంతంత మాత్రమని నీకు తెలుసు. అయినా ఇది ఇంకొకరి చేత రాయించే ఉత్తరం కాదు. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందు పాత తగువు తేల్చుకుందాం. సూరిబాబు ఇల్లు వదిలిపోయిన రోజు నువ్వెందుకు ఏడవలేదు?

ఒక్కగానొక్క కొడుకు. వాకిట్లో నిలబడి, నేను మగపిల్లాణ్ణి కాను, ఆడపిల్లగా బతుకుతాను అన్నాడు. నేను అనాల్సింది అన్నాను. వీధి వీధంతా వినేటట్టే అన్నాను. వాడు సంచి భుజాన వేసుకుని ఏలూరు బస్సెక్కాడు. నేను అరుగు మీద కూలబడితే నువ్వు లోపలినుంచి వచ్చి ఏమన్నావో గుర్తుందా? "అన్నం చల్లారిపోతోందండీ, రండి" అన్నావు. కంట్లో తడి లేదు. చేపల పులుసు వేసి వడ్డించావు.

ఏ తల్లయినా అలా ఉంటుందా? నువ్వు పోయేదాకా అడుగుదామనే అనుకున్నాను. అడిగితే నేను తగ్గినట్టవుతుందని ఊరుకున్నాను.

ఇప్పుడు తెలిసింది. తెలిశాక కోపం చల్లారుతుందనుకున్నాను... రెండింతలైంది.

ఆ రోజు బస్సెక్కిన నీ బిడ్డ బెంగుళూరులో కంప్యూటర్ పని చేస్తోందట. తన బతుకంతా ఒక ఆటగా తయారుచేసింది. ఆట... విన్నావా? జనం ఇలాంటివి దాచుకుంటారు. మరీ ఉండలేకపోతే అయినవాళ్ళ దగ్గర చెప్పుకుని ఏడుస్తారు. ఇది ఆట చేసింది. ఎవడైనా కంప్యూటర్ ముందు కూర్చుని నీ బిడ్డ అయిపోవచ్చు. కథ మధ్యలో ఆగి, ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావు అని అడుగుతుంది. మనం చెప్పినదాన్ని బట్టి ముందుకు నడుస్తుంది. ఆ సీడీ ఒకటి నాకు పోస్టులో వచ్చింది. వెంట ఒక్క ముక్క రాసి పెట్టలేదు.

తీసుకెళ్ళి మన చేపల చెరువు మీద తాడుకి కట్టాను. కొంగలు రాకుండా ఇప్పుడందరూ సీడీలే కడుతున్నారులే, ఎండకి తళతళా మెరుస్తాయి. కొన్నాళ్ళు అక్కడే వేలాడింది. మళ్ళీ నేనే విప్పి తెచ్చాను. ఎందుకు విప్పావని మాత్రం అడక్కు.

ఏలూరు పాత బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే ఖాదర్ ఉండేవాడు కదా... ఇప్పుడు గడియారాలు తీసేసి కంప్యూటర్లు పెట్టాడు. అతని కొట్టులో కూర్చున్నాను. బొమ్మ కింద వచ్చే మాటలు అతను చదివిపెట్టాడు, నేను చెప్పింది నొక్కాడు.

మొదట్లోనే నీ ట్రంకు పెట్టె వచ్చింది, చీరలు పెట్టుకునేది. ఇంట్లో ఎవరూ లేరు, పిల్లాడు పెట్టె ముందు కూర్చున్నాడు. "తెరవమంటారా, వద్దంటారా బాబాయిగారూ?" అన్నాడు ఖాదర్. తెరవొద్దన్నాను. మర్నాడయింది, మళ్ళీ అదే పెట్టె, అదే ప్రశ్న. వద్దన్నాను. మళ్ళీ మర్నాడు. నేను వద్దన్నప్పుడల్లా బొమ్మలో వెలుగు కొంచెం కొంచెం తగ్గిపోయింది. చివరికి పెట్టె కనిపిస్తోంది గానీ పిల్లాడి మొహం కనిపించడం లేదు. అంతా మసక. "ఇంకా వద్దంటే మొత్తం నల్లబడిపోయేటట్టుందండీ" అన్నాడు ఖాదర్. సరే, తెరిచి ఏడవమన్నాను. తెరవగానే నీ పసుపు చీర, జరీ అంచుతో సహా... గది గదంతా వెలుగొచ్చింది.

ఇది ఆటా? పులిజూదంలో పులి ఎటు కదిలినా మేకలు అడ్డుకోవచ్చు. ఇందులో నాకు దారే లేదు. నేను గెలిచేది లేదు, అది ఓడేది లేదు.

పైగా ఆట మొత్తం నా వీపే గీసింది. దోనె మీద నిలబడి గడ వేస్తుంటాను, తవుడు సంచులు కర్రలకి కడుతుంటాను, ఎప్పుడూ అటు తిరిగే ఉంటాను. నా మొహం మర్చిపోయిందా అన్నాను. ఖాదర్ నవ్వి, "వీపు చూడగానే మీరేనని తెలిసిపోయింది కదండీ" అన్నాడు. అతను కూడా ఎగతాళే. సంచులకి చిల్లులు మాత్రం సరిగ్గా పెట్టింది, చేపలు మూతి పెట్టి లాక్కునేటట్టు. నేను నేర్పింది ఎక్కడికి పోతుంది!

ఇక అసలు సంగతికొస్తాను. నువ్వు తప్పించుకోలేవు.

మన చెరువులో ఆడమనిషి దోనె ఎక్కకూడదు. నేను పెట్టింది కాదు, మా నాన్న పెట్టాడు. ఆడది కాలు పెట్టిన దోనెతో మేత వేస్తే చెరువు కలిసిరాదని ఆయన మాట. కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి నువ్వు కేరేజీ పట్టుకుని గట్టు మీదే నిలబడ్డావు. నేనే ఒడ్డుకి వచ్చి తినేవాణ్ణి. ఒకసారి మాత్రం నవ్వుతూ అన్నావు, "ఏవండీ, ఎక్కింది ఆడో మగో నీళ్ళకేం తెలుస్తుందండీ?" అని. కసిరితే మళ్ళీ అనలేదు. మాట విన్నావనుకున్నాను.

ఆటలో నేను తవుడు లోడు కోసం తాడేపల్లిగూడెం మిల్లుకి వెళ్ళిన రోజు వచ్చింది. నా వీపు లారీలో వెళ్ళిపోయింది. చూస్తే దోనెలో నువ్వు! చీర మడమల పైకి దోపుకుని, పీట మీద కూర్చుని. నీ బిడ్డ గడ వేస్తోంది. ఖాదర్ పక్కనుండగా చూశాను సత్యవతీ... నా దోనెలో నా పెళ్ళాం నాకు తెలియకుండా.

ఆ ఏడు చెరువు ఎలా పండింది అంటావేమో. బొచ్చె చేపలు ఒక్కోటి చంటిపిల్లంత దిగాయి, ఊళ్ళో నేనే చెప్పుకుని తిరిగాను. చేపలకేమీ కాలేదు. అది వేరే సంగతి. నాతో ఎందుకు చెప్పలేదు?

చెరువు మధ్యకి వెళ్ళాక నీ బిడ్డ గడ ఆపి నీతో చెప్పింది. నాతో వాకిట్లో చెప్పిన మాటే. నాకంటే ఎంత ముందో... అప్పటికి దానికి మీసాలు కూడా రాలేదు. అంటే వాడు బస్సెక్కిన రోజు నీకు కొత్తగా ఏడవాల్సిందేమీ లేదు. ఏడ్చేది ఎప్పుడో ఏడ్చేశావు, నాకు వినపడకుండా. అవునా?

అక్కడ ఆటలో నొక్కడానికి ఒక్కటే ఉంది, "అమ్మ మాట విను" అని. నొక్కమన్నాను. నీ చెయ్యి నీళ్ళలో పెట్టి ఉంది, పెదాలు కదిలాయి. కింద ఒక్క అక్షరం రాలేదు. తర్వాత ఒడ్డు వచ్చేసింది. మిషను పాడైందన్నాను. "మిషను బాగానే ఉందండీ. ఇక్కడ రాయలేదంతే" అన్నాడు ఖాదర్. మళ్ళీ నొక్కించాను. ఎన్నిసార్లు నొక్కించినా నీ చెయ్యి, నీళ్ళు... అంతే.

ఆఖర్న గట్టు మీద ఒక ఆడపిల్ల నిలబడింది. దోనెలో నేను. నాన్న ఏమంటాడు అని అడిగి ఆట ఆగిపోయింది. నొక్కడానికి ఏమీ లేదు.

అప్పుడు ఆట కింద వేసిన దాని నంబరుకి ఖాదర్ సెల్లు ఫోను నుంచి చేయించాను. ఇన్నేళ్ళకి దాని గొంతు విన్నాను. ఎలా ఉన్నావని అడగలేదు, మీ అమ్మ దోనెలో ఏమంది అని అడిగాను. అప్పుడంది, "అది అమ్మ నాకిచ్చిన మాట నాన్నగారూ. ఆటలో పెట్టడానికి కాదు." నాకు కూడా చెప్పవా అంటే, "మీక్కూడా" అంది. ఎంత పొగరో చూడు. ఎవరి పోలికో నాకు తెలుసులే, నువ్వు అనక్కర్లేదు.

ఆ ఖాళీ ఏమిటి మరి, నన్నెందుకు మధ్యలో ఆపేశావు అన్నాను. "మీరు అనబోయేది నేను కల్పించకూడదు కదండీ. చెరువులో చేపల పట్టుబడి రోజు వస్తాను, గట్టు మీద నిలబడతాను. మీరేమంటే అదే పెడతాను. పొమ్మన్నా అదే పెడతాను" అంది. పెట్టాక దేశంలో ఎవరైనా చూడొచ్చట.

నా నోటి మాట ఆటలో పెడుతుందట! దాని ధైర్యం చూశావా?

రావొద్దని అప్పుడే అనేసి ఉండాల్సింది. అనలేదు. కట్ చెయ్యమని ఫోను ఖాదర్‌కి ఇచ్చేశాను. బస్సులో వచ్చేటప్పుడు దారంతా ఏవేవో అనుకున్నాను, ఒక్కటీ కుదరలేదు. దోనె ఎక్కమంటే మా నాన్న మాట తీసేసినట్టు. గట్టు మీదే ఉండమంటే... దాన్ని ఆడపిల్ల అని నేనే ఒప్పుకున్నట్టు. పొమ్మంటే ఇక అది రాదు. ఈసారి రానే రాదు సత్యవతీ, ఆ గొంతు విన్నాను కదా, నాకు తెలుసు.

నువ్వేం అన్నావో గానీ, అది విన్నాక కూడా ఆ పిల్ల గడ వేసుకుని నిన్ను క్షేమంగా ఒడ్డుకి తెచ్చింది. నేనన్నది విని బస్సెక్కింది. అందుకే అడుగుతున్నాను. బతిమాలుకోవడం కాదు, అడుగుతున్నాను. మొగుణ్ణి, అడిగే హక్కుంది.

మాఘ పౌర్ణమి వెళ్ళాక వచ్చే బుధవారం పట్టుబడి. వలవాళ్ళకి చెప్పేశాను, మార్చడం కుదరదు. మంగళవారం లోపల నాకు జవాబు కావాలి. కలలో వస్తావో, చెవిలో చెబుతావో నీ ఇష్టం. నీ మాట నాకివ్వడం ఇష్టం లేకపోతే మానెయ్యి, నేనేమనాలో అదైనా చెప్పు. మంగళవారం దాటిందంటే నా నోటికొచ్చింది అనేస్తాను. నా నోటికి ఏమొస్తుందో నీకు తెలుసు.

కోపంతోనే,
నీ మొగుడు వెంకటస్వామి