నువ్వు లేని సినిమా

చెల్లె సునీతా,

నిన్నూ, ఇంకొందరు ఆడపిల్లల్నీ చంపినవాడి మీద తీసిన సినిమా చౌటుప్పల్‌కు వచ్చింది. పోస్టర్ చూసినప్పటి నుంచి అమ్మకు ముద్ద దిగలేదు. నిన్ను ఎట్లా చూపించారో తన కళ్లతోనే చూడాలంది. మొన్న పగటి ఆటకు తీసుకుపోయాను. తలుపు పక్క సీట్లే కావాలంది. "నా బిడ్డను ఎట్లవడితే గట్ల జూపిస్తే లేసి పోదాం" అని, మొహం కప్పుకోవడానికి తువ్వాల పట్టుకుని కూర్చుంది.

ఎంత చెత్త సినిమానో చెప్పలేను. మన బోరు మోటరు బాగుచేస్తానని వచ్చి దాన్నే కాల్చిపెట్టిన వాడిని, పోలీసులకు చిక్కుప్రశ్నలు పంపే మహా మేధావిని చేశారు. మన ఊరి పేరు పెట్టి కొబ్బరిచెట్ల ఊరొకటి చూపించారు. నీ పేరున్న పిల్లేమో పట్టుచీర కట్టుకుని కాలేజీకి పోతుంది, తండ్రిని "నాన్నగారూ" అంటుంది. నువ్వు బాపును ఏనాడన్నా అట్లా పిలిచావా?

అమ్మ నా చెవిలో అడిగింది. "గీ పిల్ల ఎవలే?"

"మన సునీతనేనంట."

కాసేపు తెరకేసి చూసి, తువ్వాల ఒళ్లో పెట్టేసింది. "గాదు. మన పోరి గాదు. గిందుకా నేను గింత ఫికర్ జేసింది!"

ఇంటర్వెల్ తర్వాత వాడు ఆ పిల్లను తరుముతున్నాడు. చెవులు పగిలే సంగీతం. అమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నువ్వు పోయాక ఆమె గురక వినడం నాకదే మొదటిసారి. ఆట అయిపోయి, హాలు ఊడ్చేవాళ్లు వచ్చేదాకా లేపలేదు.

నీ అక్క