వెనక కుర్చీలోంచి ఊపిరి

1983 నవంబర్, మంగళవారం రాత్రి, షామ్‌బర్గ్

డీటర్ గారు ఇవాళ రిహార్సల్‌కి వచ్చారు, కానీ పాడించడానికి కాదు. జర్మనీ నుంచి వచ్చి ఇన్నేళ్లు మా క్వయర్‌కి పాటలు నేర్పి నడిపిన మనిషిని ఈ వేసవిలో డైరెక్టర్‌ని చేసి మేడమీద ఆఫీసులో కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆయన పని హాలు అద్దెలు, విరాళాల ఫోన్లు. మాకు పాడించేది కొత్తమ్మాయి లిండా.

ఆయన కింది స్వరం పాడే మా ఆల్టోల వెనక కూర్చున్నారు. ఇక్కడికి రాకముందు మా కాకినాడ చర్చిలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లం అందుకునేవాళ్లం. అందరూ ఒకేసారి ఎత్తుకోవాలంటే ముందు కలిసి ఊపిరి తీసుకోవాలని నాకు నేర్పింది ఆయనే. ఇవాళ కూడా అలవాటు కొద్దీ ఆయన ఊపిరి తీసుకున్నారు. వెనక నుంచి ఆ చప్పుడు వినగానే, మొదలుపెట్టమని లిండా చెయ్యి దించకముందే, మేమంతా పాడేశాం.

"ఆల్టోస్, ఎవర్ని ఫాలో అవుతున్నారు మీరు?" అంది లిండా.

డీటర్ గారు కోటు తీసుకుని మెల్లగా బయటికి వెళ్లిపోయారు.

రిహార్సల్ అయ్యాక చూస్తే పార్కింగ్ లాట్‌లోనే ఉన్నారు. కారు ఆపేసి, అంత చలిలోనూ అద్దం దించుకుని కూర్చున్నారు.

"నేను బయటికి వచ్చేశాక పాట కరెక్ట్‌గా వచ్చిందా, రూత్?"

"యెస్ సర్. వెంటనే వచ్చేసింది."

"గుడ్" అని అద్దం ఎత్తుకున్నారు. కారు మాత్రం స్టార్ట్ చేయలేదు.

ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడాలని టీవీ పెట్టాను. నేను చెప్పింది నిజమే. కానీ మీరు లేక కొంచెం తడబడ్డాం సర్ అని ఉంటే ఆయన కారు స్టార్ట్ చేసుకుని ఇంటికి వెళ్లేవారేమో...