మమతని అడిగారా?

నవంబర్ 7, గురువారం

మమత వచ్చింది. శివకుమారి కారులో తీసుకొచ్చి దింపి, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయింది. ఇక్కడి తెలుగువాళ్ళలో ఇలాంటి కేసులన్నీ ఆవిడే చూస్తుంది. ఎప్పుడూ పరుగే.

మమతది జగిత్యాల దగ్గర పల్లె. టైలరింగ్ షాపులో పని అని చెప్పి, దోహాలో దిగగానే ఒక విల్లాలో ఇంటిపనికి పడేశారట. అక్కణ్ణుంచి ఇంకో విల్లాకి. ఫోన్ లాక్కున్నారు, బయటనుంచి తాళం వేశారు. పక్క విల్లా డ్రైవర్ ముఖ్తార్ పోలీసులకి చెప్పబట్టి బయటపడింది. ఇన్నాళ్ళూ షెల్టర్‌లో ఉంది. ఇంటికి వెళ్ళాలన్నా వెళ్ళొచ్చు, ఇక్కడే వేరే పనికి మారాలన్నా మారొచ్చు, ఆమె తేల్చుకునేదాకా మీ ఇంట్లో ఉంచుకుంటారా జయక్కా అని శివకుమారి అడిగింది. పిల్లలిద్దరూ విజయవాడ హాస్టల్లో ఉన్నారు, వాళ్ళ గది ఖాళీ. ఐన్ ఖాలిద్‌లో ఇంత ఫ్లాట్ పెట్టుకుని నేనొక్కదాన్నే ఏం చేసుకుంటాను? సరేనన్నాను.

ఏం తింటావమ్మా అంటే ఏదైనా సరే అక్కా అంది. ఏసీ వేయనా, ఫ్యాన్ చాలా అంటే మీ ఇష్టం అక్కా అంది. నోట్లో నాలుక లేని పిల్ల.

నవంబర్ 8, శుక్రవారం

వారమంతా దుఖాన్ చమురు బావుల దగ్గర డ్యూటీలో ఉండే మా ఆయన ఏబెల్ రాత్రి వచ్చాడు. పొద్దున లేచేసరికి ఆయన షర్టులన్నీ ఇస్త్రీ అయిపోయి ఉన్నాయి. వంటగది తళతళలాడుతోంది. నాకు కోపం వచ్చింది. నువ్వు పనిమనిషివి కాదు, కూర్చో అన్నాను. కూర్చుంది. నేను స్నానం చేసి, జడ వేసుకుని, టిఫిన్ చేసి వచ్చినా అదే కుర్చీలో అలాగే కూర్చుని ఉంది. లేవమని నేను చెప్పలేదు కదా!

ప్రార్థనకి వస్తావా అంటే మీ ఇష్టం అంది. మేం నమ్మే దేవుడు వేరు, నీకు ఇబ్బంది లేకపోతేనే అన్నాను. లేదంది. ఫెలోషిప్‌లో అందరూ చీరలు, చుడీదార్‌లు ఇచ్చారు. జయకుమారి గారిది పెద్ద మనసు అన్నారు. అబద్ధమెందుకు, వినడానికి బాగానే ఉంది.

నవంబర్ 11, సోమవారం

నా ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడించాను. దుబాయ్‌ల ఎట్లున్నవ్ బిడ్డా అని ఆవిడ అరుస్తుంటే వంటింట్లోకి వినబడింది, ఆవిడకి గల్ఫంతా దుబాయే. మమత ఆఁ, ఊఁ తప్ప ఏమీ అనలేదు.

సాయంత్రం అదే నంబరుకి గజేందర్ అనే ఆయన చేశాడు. మమత చిన్నాయన కొడుకట. ఎంత మర్యాదస్తుడో. మా చెల్లెను కన్నతల్లి లెక్క సూసుకుంటున్నరక్కా, మీ రుణం తీర్సుకోలేం అన్నాడు. మాట్లాడమ్మా, మీ అన్నయ్య అని ఫోన్ ఇవ్వబోతే తలనొప్పి అంది. పాపం, అలసట.

నవంబర్ 17, ఆదివారం

గజేందర్ రోజూ చేస్తున్నాడు. సొంత అన్నదమ్ములు కూడా ఈ రోజుల్లో ఇంతగా పట్టించుకోరు. ఫెలోషిప్ వాళ్ళం తలా కొంత వేసుకుని హైదరాబాద్‌కి టికెట్ తీశాం. 27న. టికెట్ ఫొటో వెంటనే గజేందర్‌కి పంపాను. శంషాబాద్‌కి తనే కారు తీసుకొస్తాడట. మమతకి తర్వాత చెప్పాను. సరే అక్కా అంది.

సంతోషం పట్టలేక శివకుమారికి ఫోన్ చేస్తే, మమతని అడిగారా అంది. ఒళ్ళు మండింది. ఇంటికి వెళ్ళనని ఎవరైనా అంటారా? ఒకసారి అడగండి అంది. అడిగాను, ఇంటికి వెళ్తావు కదమ్మా అని. పోత అక్కా అంది. అయిపోయిందిగా!

నవంబర్ 22, శుక్రవారం

మమత ఇవాళ కూడా అన్నం కెలికి లేచిపోయింది. ప్రయాణం సంబరం.

నవంబర్ 25, సోమవారం

ఇవాళ్టిది రాసి తీరాలి.

సాయంత్రం సూట్‌కేసు కొనడానికి వెళ్ళాం. వాళ్ళమ్మకి పాలపొడి, బామ్ తీసుకున్నాను. గజేందర్‌కి ఒక సెంటు సీసా తీసి, ఈ వాసన మీ అన్నయ్యకి నచ్చుతుందా అని మమత ముక్కు దగ్గర పెట్టాను. అక్కడే వాంతి చేసుకుంది.

ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాను. నీకేం కావాలి మమతా అన్నాను. ఇంతకుముందు ప్రతి ప్రశ్నకీ జవాబు నేనే తగిలించి అడిగేదాన్నని అప్పుడు తట్టింది. గోడవైపు తిరిగి పడుకుంది. ఒక్క నిమిషం నోరు మూసుకోలేని నేను, మూసుకుని కూర్చున్నాను.

నన్ను పంపింది గాయిననే అక్కా అంది.

వీసా తెచ్చింది గజేందరే. విల్లావాళ్ళ దగ్గర ఆమె జీతం తీసుకున్నదీ ఆయనే. తాళం వేసిన మొదటి రోజు, ఫోన్ లాక్కోకముందు, ఆయనకే చేసి ఏడ్చిందట. ఓర్సుకో చెల్లె, రెండేండ్లు కండ్లు మూసుకుంటే అయిపోతయ్ అన్నాడట. వాళ్ళిళ్ళ మధ్య ఒక్కటే గోడ. ఈసారి మస్కట్ పంపుతాడని మొన్న ఫోన్‌లో వాళ్ళమ్మే చెప్పిందట, ఆవిడకి ఆయన మాటంటే వేదం.

మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదే తల్లీ అంటే, మీరు ఆయనతోని మంచిగ మాట్లాడుతున్నరు గదక్కా, మీకు కోపమొస్తదేమో అనుకున్న అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. ఆ గొర్రెని నేను. కానీ మెడ మాత్రం మమతది.

నవంబర్ 26, మంగళవారం

ఆఫీసుకి సెలవు పెట్టాను. శివకుమారి తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వచ్చి, మమతతోనే మాట్లాడింది. నన్ను వంటింట్లో ఉండమంది.

ఇక్కడే ఉంటుందట. కుట్టుపని చేస్తుందట. టికెట్ క్యాన్సిల్ చేశాను. గజేందర్ మీద కంప్లయింట్ ఇస్తావా అని శివకుమారి అడిగింది. ఇస్తుంది, ఎందుకివ్వదు అని వంటింట్లోంచి నేను అరిచాను. శివకుమారి గుమ్మంలోకి వచ్చి నా వైపు చూసింది. ఉల్లిపాయలు తరుక్కున్నాను. ఆలోచించుకుంట అంది మమత.

నవంబర్ 27, బుధవారం

గజేందర్ శంషాబాద్ నుంచి ఫోన్ చేశాడు. నిన్నటిదాకా ఉన్న తియ్యదనం ఏమైపోయిందో! మా ఇంటి ఆడపిల్లను దాసిపెట్టుకునేటందుకు నువ్వెవరు అన్నాడు. నేనూ మా పాలకొల్లు నోరు విప్పబోయాను. మమత నా మోచెయ్యి పట్టుకుని, కట్ చెయ్యమని సైగ చేసింది. చేశాను. నంబరు కూడా బ్లాక్ చేశాను.

డిసెంబర్ 15, ఆదివారం

మమత వెళ్ళిపోయింది. అల్ దోహా అల్ జదీదాలో బ్లౌజులు కుట్టే షాపులో పని దొరికింది. పాత యజమాని పేరు మీదున్న వీసా మార్పించే పనంతా శివకుమారి దగ్గరుండి చేయించింది. షాపు పైనే ఇద్దరు మలయాళీ అమ్మాయిలతో గది. పాస్‌పోర్ట్ తన హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది.

కంప్లయింట్ కూడా ఇచ్చింది. ఎప్పుడు ఇచ్చిందో, ఏం చెప్పిందో నాకు తెలీదు. శివకుమారిని అడిగితే మమతనే అడగండి అంది. వాళ్ళమ్మ మాత్రం కూతురితో మాట్లాడటం మానేసింది. ఆ సంగతి చెప్పి మమత నిన్న బాగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇక ఎవరి మీద పెత్తనం చేస్తావు, నేను చూస్తే దుఖాన్‌లో ఉన్నాను అని ఏబెల్ ఎగతాళి. ఇల్లు బోసిగా ఉంది.

ఫిబ్రవరి 6, గురువారం

రేపు భోజనానికి రమ్మని మమతకి ఫోన్ చేశాను. చేపల పులుసు అని కూడా ఆశపెట్టాను.

నేను రానక్కా అంది. మీ ఇష్టం అనలేదు, కారణమూ చెప్పలేదు.

దేవునికి స్తోత్రం.